ఇసుకలో బండి ఎందుకు బరువు?

(లంక రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వేసవిలో పాయ తగ్గాక మన అరటి గెలలైనా, కూరగాయలైనా ఇసుక తిన్నె దాటితేగాని పంటు ఎక్కవు. గట్టు మీద తేలిగ్గా నడిచిన బండి తిన్నెలో దిగగానే మొరాయిస్తుంది. ఎందుకో చూద్దాం.

రోడ్డు గట్టిగా ఉంటుంది, బరువు మోస్తుంది. పొడి ఇసుకలో రేణువులు వేటికవే. బరువు పడగానే పక్కలకు జరిగిపోతాయి. చక్రం దిగబడి, దాని ముందు ఇసుక పోగవుతుంది. అప్పుడు ఎద్దులు మన సరుకుతో పాటు ఆ పోగును కూడా తోయాలి. ట్రాక్టరైతే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వారు చక్రాల్లేని ఈడుపు బల్లను ఇసుక మీద లాగి చూశారు. ఇసుకకు 2 నుంచి 5 శాతం నీరు తగిలినప్పుడు ముందు పోగు పడలేదు. లాగే బలం దాదాపు సగానికి తగ్గింది. నీరు ఎక్కువైతే మళ్లీ బరువెక్కింది. కొద్దిపాటి తడి రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. మన పిల్లలు పిచ్చుకగూళ్లు తడి ఇసుకతోనే కదా కట్టేది! సుమారు 3,900 ఏళ్ల నాటి ఈజిప్టు సమాధి చిత్రంలోనూ పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే ఒకడు బల్ల ముందు నీళ్లు పోస్తూ కనిపిస్తాడు.

చక్రానికీ కావలసింది గట్టి నేలే. అందుకని బాటలో పొడిగా ఉన్న చోట్ల కాస్త నీళ్లు చల్లండి, బురద చేయకండి. కొబ్బరి మట్టలో, వరిగడ్డో పరవండి. తిన్నె దాటేవరకు ట్రాక్టరు టైర్లలో గాలి కొంత తగ్గించండి. చక్రం ఊరికే తిరుగుతుంటే ఆపి, ముందున్న ఇసుకను పారతో తీయండి.

అయితే తిన్నె అంతా తడపడం ఏ రైతు వల్లా కాదు. అదనపు డీజిలు, అదనపు కూలి ఎవరూ ఇవ్వరు. వ్యాపారి ధర కట్టేది గట్టు దగ్గర. తిన్నె ఖర్చంతా మన గెలలోంచే పోతుంది. ఇసుక లారీలు తిరిగిన బాటయితే గోతులు పడి ఇంకా కష్టం.

అందుకే మనం అడిగేవి రెండే. ఏటా వేసవికి ముందే రేవు వరకు గట్టి బాట వేయాలి. ఇసుక లారీలకు వేరే దారి చూపాలి. ఈ రెండూ ప్రతి లంక గ్రామసభలో తీర్మానం చేయించి, అర్జీలు పెడదాం. పాయ తగ్గాక అడిగితే ఆ ఏడు పోయినట్టే. ఇప్పుడే కదలాలి.