పొదుగుపెట్టెకు వేడి కాపలా

పంకా గల పొదుగుపెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నిలిచిననే కోడిగ్రుడ్లు 21 దినములకు పిల్లలగును. ఇందులకై నేను ఒక మైక్రోకంట్రోలరును, డిఎస్18బి20 అను సెన్సారును, రిలేను కూర్చితిని. సెన్సారున అర డిగ్రీ తప్పుండవచ్చును, జ్వరమానితో సరిచూచుకొనవలెను. వేడి 37.3కు దిగినచో బల్బు వెలుగును, 37.7కు చేరినచో ఆరును. ఈ యెడము లేనిచో రిలే మాటిమాటికి కొట్టుకొని త్వరలో అరుగును.

చెప్ప సిగ్గగుచున్నది గాని, నా మొదటి ముప్పది గ్రుడ్లును ఒక రాత్రి ఉడికిపోయినవి. వ్రాసిన ప్రోగ్రాములో దోషము లేదు. రిలే లోపలి కాంటాక్టులు కరగి యతుకుకొనినవి. మైక్రోకంట్రోలరు ఆర్పుమనుచునే యున్నది, వినువారు లేరు. పిమ్మట బల్బు తీగెలో వేరొక థర్మోస్టాటును బిగించితిని. అది 39 డిగ్రీలకు మైక్రోకంట్రోలరు అనుమతి నడుగకయే విద్యుత్తును త్రెంచును. తీగెల పటమును ఈ గ్రంథాలయమున నుంచితిని.