కాఫీ కడిగిన నీళ్లు – గెడ్డను కాచే నత్తలు, ఎర్రలు

(కాఫీ రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరిగింది. మరి మన గెడ్డల సంగతేమిటి? పండు కోతల కాలంలో తొక్క తీసి, గింజ మీది జిగురు కడిగిన నీళ్లు గెడ్డలో కలిస్తే, అందులోని చక్కెర పులుస్తుంది. నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. చేపలు చస్తాయి, దిగువ ఊళ్ల తాగునీరు కంపు కొడుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ తాటిపూడి జలాశయం చేరుతుంది. ఆ నీళ్లే విశాఖ తాగుతుంది. కనుక ఇది మన కొండకే పరిమితమైన సమస్య కాదు.

దీనికి మార్గం ఉంది. ముందు ఒక గుంతలో మడ్డి దిగనివ్వాలి. సున్నం కలిపి పులుపు తగ్గించాలి. ఆ తర్వాత కంకర, ఇసుక పరిచి జమ్ము నాటిన మడిలోకి నీరు మెల్లగా పారించాలి. దీన్నే కృత్రిమ చిత్తడి నేల అంటారు. రాళ్లకూ వేళ్లకూ పట్టిన సూక్ష్మజీవులు అక్కడ మురికిని తినేస్తాయి.

అయితే కొంతకాలానికి కంకర పూడుకుపోతుంది. అక్కడే చిన్న ప్రాణుల పని మొదలవుతుంది. నీటి ఎర్రలు బురదలో బొరియలు చేసి నీటికి, గాలికి దారి ఇస్తాయి. నత్తలు నాచును, కుళ్లిన ఆకును గీకి తింటాయి. ఆలుచిప్పలు నీటిని వడకట్టి తేలే మలినాన్ని పట్టుకుంటాయి. కలకత్తా తూర్పు చిత్తడి నేలల్లో నగరపు మురుగునీటితోనే చేపలు పెంచుతున్నారు. ఆ ప్రాంతానికి 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా దక్కింది.

కానీ కొన్ని జాగ్రత్తలు మరవొద్దు. పచ్చి కాఫీ నీటిలో ఏ ప్రాణీ బతకదు. పులుపు తగ్గిన చివరి మడిలోనే వీటిని వదలాలి. ఎక్కువైతే వాటి విసర్జనే నీటిని పాడు చేస్తుంది. గడ్డిచేప జమ్మును తినేస్తుంది, బురద కెలికే చేపలు దిగిన మడ్డిని మళ్లీ లేపుతాయి. కొన్ని నత్తల వల్ల పశువులకు, మేకలకు కార్జపు జలగ వ్యాధి వస్తుంది. అందుకే మడి చుట్టూ కంచె వేయాలి, ఆ గడ్డి మేపకూడదు. బయటి జాతులు తేవద్దు, మన గెడ్డల్లో ఉన్నవే చాలు.

హుకుంపేట మండలం మత్స్యగుండంలో చేపను దైవంగా కొలిచి, ఎవరూ పట్టని ఆచారం మనది. ఆ గౌరవం ప్రతి గెడ్డకూ దక్కాలి.

తొక్క తీసే యంత్రం ఒక్కటే ఇస్తే చాలదు. యంత్రం ఇచ్చిన ప్రతిచోటా ఉమ్మడి గుంత, జమ్ము మడి కట్టించాలని, ఆ పనిని ఉపాధి హామీలో చేర్చాలని ఐటీడీఏను, కాఫీ బోర్డును మేం కోరుతున్నాం. స్థలం ఎక్కడన్నది గ్రామసభలోనే తేలాలి. వచ్చే కోతలకు ముందే ప్రతి ఊరూ తీర్మానం చేయాలి. గెడ్డ బతికితేనే మన కాఫీకి విలువ.