లైను లెక్క కొలువు



మదీనాగూడల నిలబడి హైటెక్ సిటీ అద్దాల మేడల ముచ్చట నేను చెప్ప. వాటి వెనక గల్లీలల్ల, ఇండ్లల్ల నడిచే కొలువు ముచ్చట చెప్త. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా డాక్టర్ పగలు చెప్పింది మనోళ్లు రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకొని, కాలికింద పెడల్ తొక్కుకుంట టైపు చేస్తరు. నెల జీతం ఉండదు, లైను లెక్క. ఖాళీలతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను.

మా వదిన గిదే పని చేసింది. చేరకముందే డిపాజిట్ కట్టుమన్నరు. పరీక్ష ఫైళ్లని చెప్పి వారం రోజులు ఉత్తగ చేయించుకున్నరు. ‘హైపర్’ అన్నది ‘హైపో’ అని విన్నందుకు పైసలు కోసిన్రు. అది న్యాయమే అనుకోండ్రి, రోగి పాణం కద! మరి కరెంటు పోయి ఫైలు ఆలస్యమైతే కోసుడేంది?

అటెన్క మాటలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. టైపు చేసేటోళ్లు తప్పులు దిద్దేటోళ్లయిన్రు, లైను రేటు పడ్డది. ఆ సాఫ్ట్‌వేర్ల పేరున్న నువాన్స్‌ను 2022ల మైక్రోసాఫ్ట్ కొన్నది. ఇప్పుడు డాక్టర్, రోగి మాట్లాడుకుంటుంటెనే యంత్రం నోట్సు రాస్తున్నది.

కొలువుల కోసం కొట్లాడినం, 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. వదిన చేతిల మాత్రం అపాయింట్‌మెంట్ కాగితం లేదు, పీఎఫ్ లేదు. 2020 సామాజిక భద్రత కోడ్ ఇంటినుంచి పనిచేసేటోళ్లను కూడ కార్మికులనే రాసుకున్నది. గీ గల్లీలల్ల అసొంటోళ్లు ఎంతమందో ముందు మనమే లెక్క తీయాలె. ఆదివారం పొద్దుగాల ఇల్లిల్లు తిరుగుదాం. లైను లెక్కల కాగితాలు, పైసలు పడ్డ పాసుబుక్కులు తీసి పెట్టుండ్రి.