కొత్త మందు ట్రయల్‌కు సంతకం పెట్టే ముందు

(అబూ హలీఫాలో శుక్రవారం సాయంత్రం జరిగిన మన వేదిక వార్షిక సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో అకామాల గురించి, జీతాల బకాయిల గురించి, ఔట్‌పాస్‌ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మైకులో ఎవరూ అడగని సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాం. మీటింగ్ అయిపోయాక పక్కకు పిలిచి చెవిలో అడిగే సంగతి అది. హెచ్‌ఐవీ. అందులోనూ, హెచ్‌ఐవీ మందుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో చేరడం గురించి.

ఇప్పుడు ఎందుకంటే, మాకు ఒక ఫోన్ వచ్చింది. మనతోపాటు ఇక్కడ పనిచేసిన ఒక తమ్ముడు క్యాన్సిల్ కొట్టించుకుని ఊరికి వెళ్లాడు. కొత్త వీసా మీద మళ్లీ రావడానికి మెడికల్‌కు వెళితే 'అన్‌ఫిట్' అన్నారు. కారణం హెచ్‌ఐవీ. వారం తిరక్కముందే ఎవరో ఒకాయన ఇంటికొచ్చాడట. "హైదరాబాద్‌లో కొత్త మందు ట్రయల్ జరుగుతోంది. ఆరు నెలలు వాడితే రిపోర్టు నెగెటివ్ వస్తుంది, మళ్లీ కువైట్ ఎక్కొచ్చు. వాళ్లే ఎదురు డబ్బులిస్తారు. చేర్పించినందుకు నాకు మాత్రం ముందే కొంత ఇవ్వాలి" అన్నాడట. తెల్లారితే సంతకం. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "అన్నా, మళ్లీ వస్తానంటావా?"

మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. సంతకం మాత్రం ఆపమన్నాం. తర్వాత తెలిసిన డాక్టర్లను కనుక్కుని చెప్పాం. అప్పుడు అతనికి చెప్పినవే ఇవాళ మీకూ చెబుతున్నాం.

మొదటిది చేదు మాట. మెడికల్‌లో మన రక్తంలో ముఖ్యంగా వెతికేది యాంటీబాడీలను. అంటే, వైరస్ వచ్చిందని మన ఒళ్లు తయారు చేసుకునే గుర్తులను. మందులు బాగా పనిచేసి వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోయినా ఆ గుర్తులు పోవు. రిపోర్టు పాజిటివ్ అనే వస్తుంది. ఏ ట్రయల్‌లో చేరినా, ఏ బిళ్ల మింగినా 'ఫిట్' ముద్ర పడదు. కువైట్‌లో ఉండగా అకామా మెడికల్‌లో తేలినా ఇంటికి పంపేస్తారు. ఈ రూలు న్యాయమా అంటే, కాదనే మేమంటాం. కానీ ఉన్న రూలును దాచిపెట్టి ఆశ అమ్ముకునేవాడు మన మనిషి కాడు.

రెండోది ధైర్యం మాట. మందు కోసం ట్రయల్‌లో చేరాల్సిన అవసరం లేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. మొదలుపెట్టిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2017 నుంచి, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, జబ్బు ముదిరేదాకా ఆపకుండా, మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క బిళ్ల సరిపోతోంది. ఆగకుండా వాడితే పని చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, ముసలితనం దాకా బతకొచ్చు. మందులు వాడేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెన్షన్ ఉంది. దాని వివరం ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడగండి.

అలాగని ట్రయల్స్ అన్నీ మోసమని చెప్పడానికి మేం రాలేదు. ఆ బిళ్ల మన చేతికొచ్చిందే ట్రయల్స్ వల్ల. హెచ్‌పీటీఎన్ 052 అనే ట్రయల్‌లో తొమ్మిది దేశాల నుంచి 1,763 జంటలు చేరాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, జోడీకి లేని జంటలు. చెన్నై, పుణె నుంచి మనవాళ్లూ ఉన్నారు. సగం మందికి మందు వెంటనే మొదలుపెట్టారు, మిగతావారికి అప్పటి పద్ధతి ప్రకారం కొంత ఆగి ఇచ్చారు. వెంటనే మందు మొదలుపెడితే జోడీకి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత జరిగిన పరిశోధనలు ఇంకా ముందుకెళ్లాయి. మందు ఆపకుండా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే, సంసారంలో జోడీకి సోకదు. ఏడాదికో రెండేళ్లకో ఇంటికెళ్లే మనలాంటి వాళ్లకు ఈ మాట ఎంత పెద్దదో వేరే చెప్పాలా? ఆ జంటలు తెలిసి, ఒప్పుకుని చేరారు కాబట్టే అది మనకు దక్కింది.

ఇక తెలియకుండా చేర్చుకుంటే ఏమవుతుందో కూడా మన గడ్డ మీదే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలా చోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో అది ఆగిపోయింది, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుబట్టింది. 2011లో పిడుగురాళ్ల పేద ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు తీసుకెళ్లిన సంగతి బయటపడి పెద్ద గొడవైంది.

ఇలాంటి వాటి తర్వాత చట్టం గట్టిపడింది. 2018 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, మనకు వివరంగా చెప్పి ఒప్పించకుండా మన మీద పరిశోధన చేయకూడదు. 2019 ట్రయల్ నిబంధనల ప్రకారం, చదువు రానివారికి సాక్షిని పెట్టి చదివి వినిపించాలి. ట్రయల్ వల్ల దెబ్బ తింటే వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. కొత్త మందుల ట్రయల్స్‌లో బలహీన వర్గాల వారి ఒప్పుకోలును వీడియో తీయాలి. హెచ్‌ఐవీ ట్రయల్‌కు మాత్రం మొహం బయటపడకుండా గొంతు ఒక్కటే రికార్డు చేయాలి.

కాబట్టి ఎవరైనా ట్రయల్ అంటే ఈ ప్రశ్నలు అడగండి. సీటీఆర్‌ఐలో రిజిస్టర్ అయిందా, నంబరెంత? ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? నేను ఇప్పుడు వాడే మందు ఆపుతారా? కొత్త మందు ఎవరికి, పాతది ఎవరికి అన్నది చీటీ తీసినట్టు తేలుస్తారా? తేడా చేస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మధ్యలో మానేస్తే నా మామూలు మందు నాకు వస్తుందా? నేను సంతకం పెట్టిన కాగితం కాపీ ఇస్తారా? వీటికి తెలుగులో నిదానంగా జవాబు చెప్పేవాడు నిజమైనవాడు. కసురుకునేవాడు, తొందరపెట్టేవాడు, ముందే డబ్బులడిగేవాడు కాడు. జబ్బు నయం చేస్తామని ఏ నిజమైన ట్రయలూ హామీ ఇవ్వదు. హామీ ఇవ్వగలిగితే ఇక ట్రయల్ ఎందుకు?

ఇవి అడగడం మనకు కష్టమే. అరబ్బీలో ఉన్న అగ్రిమెంటు మీద చదవకుండా సంతకం పెట్టాం. రక్తం ఎందుకు తీస్తున్నారో అడగకుండా చెయ్యి చాపాం. అడిగితే వీసా పోతుందని భయం. కానీ ట్రయల్ దగ్గర లెక్క వేరు. అక్కడ అవసరం వాళ్లది, ఒళ్లు మనది. వద్దని లేచి వచ్చేసినా తప్పులేదు.

ఆ తమ్ముడు సంతకం పెట్టలేదు. జిల్లా ఆసుపత్రిలో ఏఆర్‌టీ మొదలుపెట్టాడు. భార్యకూ పరీక్ష చేయించాడు, ఆమెకు లేదు. అప్పు మాత్రం ఇంకా ఉంది. కువైట్ పోయిన బాధా ఉంది. మందు వాటిని తీర్చదు. వాటి సంగతి మనందరం చూడాలి.

చివరగా ఒక మనవి. రూమ్‌లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తెలిస్తే, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కంచం వేరు చేయకండి. కలిసి తింటే, ఒకే బాత్‌రూమ్ వాడితే రాదు. ఊరికెళ్లాక 1097కు ఫోన్ చేయమని చెప్పండి, అది ఉచితం. ఆ తమ్ముడు సంతకానికి ముందు ఫోన్ చేశాడు. మీరూ ముందే చేయండి, రాత్రయినా పర్వాలేదు.