ఇంగ్లీషు ఉపాధ్యాయుడగుటకు దారులు

కొత్తగూడ అనగానే శ్రోతలలో పలువురికి బొగ్గుగనుల కొత్తగూడెము మనసునకు వచ్చును. మేము ప్రసంగింపబోవునది ఆ పట్టణమును గురించి కాదు. నర్సంపేట నుండి పోవువారికి పాకాల చెరువు దాటిన పిదప, అడవి నడుమ, కనబడు మండలము కొత్తగూడ. ఒకప్పుడది వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. అచటి జనులలో అధికసంఖ్యాకులు కోయలు, లంబాడీలు. ఇంగ్లీషు ఉపాధ్యాయుడగుట ఎట్లు అను విషయమును చెప్పుటకు ఇంత దూరపు మండలమును ఏల ఎన్నుకొంటిరని ఎవరైనను అడుగవచ్చును. నగరములో మరుగుపడిపోవు చిక్కులు అచట స్పష్టముగా కనబడును గనుక ఎన్నుకొంటిమి.

ఇంగ్లీషును సామాన్యముగా రెండవ భాష యందురు. ఇంట కోయ మాటలాడు బిడ్డకు ఆ లెక్క సరిపోదు. వానికి మొదటి భాష కోయ, బడిలో వినబడు తెలుగు రెండవది, ఇంగ్లీషు మూడవది. తండా నుండి వచ్చు లంబాడీ బిడ్డ సంగతియు అంతే. కోయ ద్రావిడ భాష, గోండీకి దగ్గరి చుట్టము. లంబాడీ ఆర్యభాషా కుటుంబములోనిది, రాజస్థాను భాషలకు బంధువు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు భాషాకుటుంబముల నుండి వచ్చి, మూడవ ఇంటి భాషలో నాలుగవ ఇంటి భాషను నేర్వవలసి యున్నది. తెలంగాణ ప్రభుత్వము 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టినది. నాటి నుండి ఇంగ్లీషు రానిచో లెక్కలును రావు, సామాన్యశాస్త్రమును రాదు. కావున ఇంగ్లీషు చెప్పు మనిషి ఎవరు, ఎట్లు తయారైనాడు అనునది ప్రతి ఇంటికిని సంబంధించిన ప్రశ్న.

ముందుగా దారులను చెప్పెదము. ఇవి ముఖ్యముగా రెండు.

మొదటిది ప్రాథమిక పాఠశాలకు పోవు దారి. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు డీసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, రెండేండ్ల డి.ఎల్.ఎడ్. చదువవలెను. ప్రతి పాత జిల్లాకును ఒక ప్రభుత్వ శిక్షణసంస్థ, డైట్, కలదు. వరంగల్లు ప్రాంతము వారిది హనుమకొండలో నున్నది. ఈ దారిని వచ్చినవారు సెకండరీ గ్రేడు టీచరులగుదురు. వీరు ఒకటి నుండి ఐదు తరగతులకు అన్ని పాఠములను చెప్పుదురు. ఇంగ్లీషు ఉపాధ్యాయులన్న బిరుదు వీరికి లేదు. అయినను బిడ్డ చెవిని మొట్టమొదట పడు ఇంగ్లీషు వీరి నోటిదే. బి.ఎడ్. చదివినవారు ఈ పదవులకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక చిన్న తరగతులకు చెప్పదలచినవారు ఇంటర్మీడియట్ ముగియగానే ఈ నిర్ణయము చేసికొనుట మేలు.

రెండవది ఉన్నత పాఠశాలకు పోవు దారి. డిగ్రీ, ఆ పైని ఎడ్‌సెట్, ఆ పైని రెండేండ్ల బి.ఎడ్. ఇచట ఒక మెలిక కలదు. బి.ఎడ్.లో ఇంగ్లీషు బోధనాపద్ధతి దొరకవలెనన్న డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యమునో, ప్రత్యేక ఇంగ్లీషునో ఒక ముఖ్యాంశముగా చదివి యుండవలెను, లేదా ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసి యుండవలెను. స్కూలు అసిస్టెంటు పదవికిని ఇదే నియమము. ఇంగ్లీషు బాగుగా మాటలాడు పిల్లవాడు వాణిజ్యశాస్త్రములో పట్టము పుచ్చుకొని, తీరా బి.ఎడ్.కు పోవునప్పటికి ఈ తలుపు మూసి యుండుట చూచును. కాకతీయ విశ్వవిద్యాలయములో ఎం.ఏ. ఇంగ్లీషు చదివి రెండేండ్లు ఆలస్యముగా మరల ఈ దారికి రావచ్చును. ఆ రెండేండ్ల ఖర్చు అందరును భరింపలేరు. డిగ్రీలో చేరు దినముననే ఈ సంగతి తెలిసియున్న ఎంతయో మేలు.

ఈ రెండు దారులును ఒక గుమ్మము కడ కలియును. అది ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అందరు పిలుచునట్లు టెట్. 2009 నాటి విద్యాహక్కు చట్టమును అనుసరించి 2010లో దీనిని విధించిరి. ఒకటి నుండి ఐదు తరగతులకు మొదటి పత్రము, ఆరు నుండి ఎనిమిది తరగతులకు రెండవ పత్రము, 150 మార్కులు. సామాన్యవర్గము వారికి 90, వెనుకబడిన తరగతుల వారికి 75, షెడ్యూల్డు కులములకు, తెగలకు 60 వచ్చిన చాలును. అయిదేండ్లకు మించిన సర్వీసు మిగిలియున్న పాత ఉపాధ్యాయులు కూడ రెండేండ్లలో ఈ పరీక్ష నెగ్గవలెనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆదేశించినది. టెట్ తరువాత డి.ఎస్.సి. 2024లో తెలంగాణలో 11,062 పదవులకు అది జరిగినది. డి.ఎస్.సి. వ్రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ నుండి 20 మార్కులు. ఈ మొత్తమును బట్టి ఉద్యోగము.

ఇంతవరకు చెప్పినది గుమాస్తా కూడ చెప్పగలడు. ఇక మేము అడుగదలచినది వేరు. ఈ పరీక్షలు ఇంగ్లీషు ఉపాధ్యాయునిలో దేనిని చూచుచున్నవి?

టెట్ రెండవ పత్రములో ఇంగ్లీషుకు గల మార్కులు 30. ముప్పది శిశు వికాసమునకు, ముప్పది మొదటి భాషకు. మిగిలిన 60 మార్కులకు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కాగోరువాడును గణిత విజ్ఞానములనో, సాంఘికశాస్త్రమునో ఎన్నుకొని వ్రాయవలెను. డి.ఎస్.సి.లో ఇంగ్లీషు ఎక్కువే, కాని అచటను కంప్యూటరు ముందు కూర్చుండి నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తించుటయే. అభ్యర్థి నోరు తెరచి ఒక్క వాక్యము పలుకవలసిన పని లేదు. రేడియోలో పది నిముషములు ప్రకటనలు చదువుటకు వచ్చువానికి మేము స్వరపరీక్ష చేయుదుము. ముప్పదేండ్లు పిల్లల చెవులలో ఇంగ్లీషు పోయువాని గొంతును ఉద్యోగమిచ్చునపుడు ఎవరును వినరు.

గొంతు వినకపోవుట చిన్న లోపము కాదు. తెలుగు మాటలు సామాన్యముగా అచ్చుతో ముగియును. అందుచేత మనము బస్ అను మాటను బస్సు అనియు, కప్ అను మాటను కప్పు అనియు పలుకుదుము. తెలుగులో మాటలాడునపుడు అది తప్పు కాదు. ఇంగ్లీషు వాక్యములో అదే అలవాటు నిలిచినచో వినువాడు తడబడును. ఊనిక మరియొక చిక్కు. రికార్డు అను మాటనే చూడుడు. గ్రామఫోను రికార్డు అను నామవాచకముగా ఇంగ్లీషువారు మొదటి అక్షరమును ఊది పలుకుదురు. రికార్డు చేయుట అను క్రియగా రెండవదానిని ఊదుదురు. అచ్చులో రెంటికిని ఒకటే రూపు. ఈ భేదము పుస్తకము వలన రాదు, వినుట వలననే వచ్చును.

ఈ వినికిడిని నేర్పుటకే 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థను నెలకొల్పిరి. 1972లో ఇతర విదేశీభాషలను చేర్చుకొని, 2007లో అది ఇంగ్లీషు మరియు విదేశీభాషల విశ్వవిద్యాలయమైనది. తొలి దినములలో దానికి డైరెక్టరుగా నున్నవారు వినాయక కృష్ణ గోకాక్. ఆయన కన్నడ కవి, తరువాతి కాలమున జ్ఞానపీఠ పురస్కారమును పొందినవాడు. తన భాషలో గట్టిగా నిలిచినవాడే పరభాషను నేర్పుటలోను గట్టివాడని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు. ఇంగ్లీషు బోధనలో ఆ సంస్థ ఇచ్చు స్నాతకోత్తర సర్టిఫికెట్టు, డిప్లొమాలు ఉపాధ్యాయులకు నేటికిని మంచి మెరుగు. 1963లో బెంగుళూరులో ఏర్పడిన దక్షిణభారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ, ఉద్యోగములో నున్న ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చును. విదేశములలో చెప్పదలచినవారు కేంబ్రిడ్జి వారి సెల్టా వంటి సర్టిఫికెట్టు తీసికొందురు. అది 120 గంటల చదువు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు, పరీక్షకుడు వెనుక బల్లపై కూర్చుండి చూచుచుండగా, పాఠము చెప్పవలెను. మన బి.ఎడ్.లో బడిలో గడపవలసిన 20 వారములు దీనికన్న చాల పెద్ద అవకాశము. సంతకముల కొరకు గాక, వినిపించుకొని దిద్దించుకొనుట కొరకు ఆ వారములను వాడుకొన్నవారు అదృష్టవంతులు.

గొంతు ఒక సగము. రెండవ సగము చెవి. అనగా పిల్లవాని భాషను వినగల చెవి.

తెలుగు పిల్లవాడు 'నాకు ఆకలిగా నున్నది' అనును. ఆకలి వానికి వచ్చినది, వాడు దానిని చేయలేదు. ఇంగ్లీషులో అది 'ఐ యామ్ హంగ్రీ', అనగా నేనే ఆకలిగొన్నవాడను. మనకు మేము వేరు, మనము వేరు. ఇంగ్లీషులో రెంటికిని వుయ్ ఒక్కటే. క్రియ మనకు వాక్యము చివర వచ్చును, వారికి నడుమ వచ్చును. ఈ భేదములను తెలిసినవాడు పిల్లవాని తప్పును చూచి కోపింపడు. అది ఎచటి నుండి వచ్చినదో చెప్పగలడు. తెలియనివాడు ఎఱ్ఱసిరాతో గీత గీయును. కోయ పిల్లవాని తప్పును గుర్తించుటకు తెలుగు తెలిసిన మాత్రమున చాలదు, కోయ తెలియవలెను.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. మన ఉపాధ్యాయులలో దీనిని చేసినవారు కలరు. పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి సవరల భాషను నేర్చి, వారి పిల్లల కొరకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసెను. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. 1943లో నిజాము రాజ్యమున, ఆదిలాబాదు అడవులలోని మార్లవాయిలో, మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆధ్వర్యమున గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దు కేంద్రము వెలసినది. గోండీలో వాచకములు తయారు చేసిరి. చదువు ఎరుగని గూడెముల నుండి చదువు చెప్పువారు వచ్చిరి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో కోయ, లంబాడీ మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములు తయారై, 240 బడులలో మాతృభాషాబోధన ప్రారంభమైనది. ఇంగ్లీషునకు ఇది అడ్డము కాదు. మొదటి మెట్టు గట్టిగా నున్నగాని మూడవ మెట్టు ఎక్కుట కుదరదు.

ఇక కొత్తగూడకు వత్తము. ఆ మండలము షెడ్యూల్డు ప్రాంతము. అట్టి ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నిటిని స్థానిక గిరిజనులకే కేటాయించుచు 2000 జనవరి 10న ప్రభుత్వము జి.ఓ. 3 వెలువరించినది. నూటికి నూరు పాళ్ల కేటాయింపు చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. తీర్పుపై వ్యాఖ్యానించుట మా పని కాదు. దాని ఫలితము మాత్రము ఇది: ఇకపై ఆ బడికి వచ్చు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు గూడెము బిడ్డయే కావచ్చును, దూరపు పట్టణమువాడును కావచ్చును. పట్టణమువానికి గొంతు ఉండవచ్చును, చెవి ఉండదు. గూడెపు యువకునికి చెవి పుట్టుకతో వచ్చినది. గొంతు, మార్కులు సంపాదించుకొనవలసి యున్నది. ఇద్దరికిని సగము దారియే మిగిలియున్నది. కాని ఆ సగములు వేరు.

గూడెపు యువకునికి ఇటీవల ఒక తలుపు దగ్గరలోనే తెరచుకొన్నది. ప్రక్కనే యున్న ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమునకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము లభించినది. 2024లో అచట మొదలుపెట్టిన డిగ్రీ చదువులలో బి.ఏ. ఇంగ్లీషు ఒకటి. బి.ఎడ్. ఇంగ్లీషు పద్ధతికి కావలసిన మొదటి అర్హత అదియే. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కోయ బాలిక ఇంటికి దూరము కాకుండ ఈ దారిలో మొదటి అడుగు వేయగలదు. ఇంగ్లీషును మూడవ భాషగా తానే నేర్చిన ఆమెకు, పిల్లవాడు ఎచట తడబడునో ఏ శిక్షణసంస్థయు చెప్పనక్కరలేదు.

పట్టణము నుండి పోవు ఉపాధ్యాయునికి మా మనవి వేరు. చేరిన మొదటి సంవత్సరములో కోయలో నూరు మాటలు, లంబాడీలో నూరు మాటలు నేర్చుకొనుడు. వానిని చెప్పు గురువులు మీ తరగతిలోనే కూర్చుండి యుందురు. ఉపాధ్యాయుడు తమ భాష నేర్చుచు తడబడుట చూచిన పిల్లలకు, ఇంగ్లీషులో తాము తడబడుటకు సిగ్గు పోవును.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ఈ వృత్తిని కోరినచో డిగ్రీలో ఏ పాఠ్యాంశములు తీసికొనుచున్నారో చేరుటకు ముందే అడుగుడు. ఇంట రేడియో ఉన్నదిగదా, దినమునకు ఒక్కమారు ఇంగ్లీషు వార్తలు విననిండు. విన్న వాక్యములలో రెండింటిని గట్టిగా పలుకనిండు. పరీక్షలో దీనికి మార్కులు లేవు. ఆ పలుకుబడిని వినుటకు కొత్తగూడ బడిలో నలుబది మంది పిల్లలు కూర్చుండి యుందురు.