దూరపు సర్వరు మీద వీడియో ఆగిపోతే ఏమి చేయాలి?

(హుజూర్‌నగర్‌లో పాల సంఘాల కార్యదర్శుల, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ఉపన్యాస పాఠం)



నాకు ఇచ్చిన విషయం వినటానికి చిన్నది. సంఘం గదిలోని కంప్యూటరులో శిక్షణ వీడియో సరిగా ఆడటం లేదు. ఎందుకు, ఏమి చేయాలి? నేను ఇంజనీరును కాను. సహకార శిక్షణలో డిప్లొమా చేసి, నా ఉద్యోగమంతా లెక్కల పుస్తకాలు తనిఖీ చేస్తూ గడిపినవాడిని. ఆ పుస్తకాలు కంప్యూటరులోకి పోయిన తరువాత దాని వెంట నేనూ పోవలసి వచ్చింది. అందువలన తనిఖీ చేసేవాడి పద్ధతిలోనే ఈ విషయం చెప్తాను.

పాల రైతుకు సినిమా కొత్తది కాదు. 1976లో శ్యాం బెనెగల్ తీసిన మంథన్ అనే హిందీ చిత్రానికి పెట్టుబడి పెట్టినది గుజరాత్ పాల రైతులే. ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకొని ఆ చిత్రం తీయించారు. చదువురాని మనిషికి కూడా కంటితో చూపిస్తే అర్థమవుతుందని మన ఉద్యమం మొదటినుండి నమ్మింది. ఈనాడు ప్రొజెక్టరు, తెర, జీపు అక్కరలేదు. పొదుగువాపును ఎట్లా కనిపెట్టాలి, పాలు పితికిన తరువాత చన్నులను మందు నీళ్ళలో ఎందుకు ముంచాలి, ఆ తరువాత అరగంట దాకా బర్రెను ఎందుకు పడుకోనివ్వగూడదు అనే సంగతులన్నీ బ్రౌజరులో వీడియోలుగా దొరుకుతున్నాయి. అయితే అవి ఆడాలి కదా!

నా పర్యటనలో ఒక సంఘంలో జరిగింది చెప్తాను. సర్వసభ్య సమావేశానికి తండా నుండి ఆడవాళ్ళు పాలు పోసి, అట్లాగే ఆగిపోయారు. వాళ్ళలో ఇద్దరి బర్రెలకు పొదుగువాపు వచ్చి పాలు సగానికి పడిపోయాయి. నాలుగు గిన్నెల పళ్ళెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పిండి, మందు కలిపి చూసే పరీక్షను వీడియోలో చూపుదామని కార్యదర్శి అనుకున్నాడు. బొమ్మ నాలుగు అడుగులు నడిచి నిలబడింది. మాట ముందుకు పోయింది, బొమ్మ వెనుకబడింది. ఆ పైన నల్లటి పెట్టె మిగిలింది. పావుగంట చూసి ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరుగబోయింది. అది తరువాత చెప్తాను.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కొన్ని చోట్ల సంఘం బల్ల మీద ఉండేది తెర, కీబోర్డు, ఒక చిన్న యంత్రం మాత్రమే. పని జరిగేది దూరాన ఉన్న సర్వరులో. దీనిని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఒకే సర్వరు మీద పది, ఇరవై కేంద్రాల వారు ఒకేసారి కూర్చొని వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., బిల్లులు రాసుకుంటారు. లెక్కలకు ఇది మంచి ఏర్పాటు. ఒక్కచోట లెక్క, ఒక్కచోట భద్రత. కానీ ఆ తెరలో బ్రౌజరు తెరచి వీడియో పెడితే, ఆ వీడియో మీ బల్ల మీద ఆడదు. దూరపు సర్వరులో ఆడుతుంది. దాని నీడ మాత్రమే మీకు వస్తుంది.

పాలపొడితో పోల్చి చెప్తాను. వెన్న తీసిన పాలు వంద లీటర్లు ఆవిరి చేస్తే సుమారు 9 కిలోల పొడి అవుతుంది. పొడిని దూరం పంపటం తేలిక. వీడియో కూడా అట్లాగే పొడి రూపంలో వస్తుంది. 720 రకం బొమ్మలో అడ్డంగా 1280, నిలువుగా 720, మొత్తం 9,21,600 చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 బొమ్మలంటే దాదాపు 6 కోట్ల 91 లక్షల బైట్లు. ఇంత సరుకును రెండు మూడు లక్షల బైట్లకు కుదించి పంపుతారు. మామూలుగా అయితే ఆ పొడి మీ యంత్రానికే వచ్చి, అక్కడే నీళ్ళు కలిపి పాలు చేసినట్లు విప్పుకుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వరు ముందుగా పొడిని పాలు చేస్తుంది. ఆ పాలను మళ్ళీ పొడి చేసి మీకు పంపుతుంది. మీ యంత్రం మళ్ళీ పాలు చేస్తుంది. పని మూడింతలైంది. అదీ సెకనుకు 25 సార్లు. పైగా బొమ్మ ఒక దారిన, శబ్దం వేరొక దారిన వస్తాయి. రెంటికీ జత తప్పటం అందుకే.

క్యానులో పాలు తగ్గితే మనం ఏమి చేస్తాము? సభ్యుని కొలత దగ్గర, కేంద్రంలో, బల్క్ కూలరులో, ట్యాంకరులో, డెయిరీ దించుకున్న చోట, వరుసగా చూసుకుంటూ పోతాము. ఎక్కడ లోటు పడిందో తేలకుండా ఎవరినీ దొంగ అనము. ఇక్కడా అదే పద్ధతి.

మొదటి పరీక్ష: అదే వీడియోను రిమోట్ తెర బయట, బల్ల మీది యంత్రపు సొంత బ్రౌజరులో పెట్టి చూడండి. అక్కడ కూడా ఆగుతుంటే దోషం సర్వరుది కాకపోవచ్చు, ముందు మీ ఇంటర్నెట్ లైను చూడాలి. బయట బాగా ఆడి, రిమోట్ తెరలో ఆగితే ముందుకు పోదాము.

రెండవ పరీక్ష: కేంద్రాలన్నీ పనిలో ఉన్న వేళ ఒకసారి, ఎవరూ లేని మధ్యాహ్నం ఒకసారి ఆడించండి. మధ్యాహ్నం ఆడి పొద్దున ఆడకపోతే అది బరువు వలన వచ్చిన ఆటంకం. సర్వరు బాధ్యుడు టాస్క్ మేనేజరులో ప్రాసెసరు ఎంత నిండిందో చూసి చెప్పగలడు. సర్వర్లలో చాలావాటికి బొమ్మలు విప్పే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. లెక్కలు కట్టే ప్రాసెసరే బొమ్మలూ విప్పాలి. దుక్కిటెద్దునే గానుగకు కూడా కట్టినట్లు.

మూడవది: శబ్దం వస్తున్నది, బొమ్మ ఉండవలసిన చోట నల్లగానో పచ్చగానో ఉన్నది. ఇది లేని గ్రాఫిక్స్ కార్డును బ్రౌజరు వాడబోవటం వలన తరచు వచ్చే చిక్కు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ఆ తరువాత సిస్టమ్ అనే చోట, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనే మీట ఉంటుంది. దానిని ఆపి, బ్రౌజరును మూసి తెరవాలి. ఎడ్జ్‌లోనూ ఇటువంటిదే ఉన్నది. ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ కింద పెర్ఫార్మెన్స్ అనే చోట హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే పేరుతో కనిపిస్తుంది. సర్వరుకు నిజంగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మాత్రం ఆపగూడదు. అప్పుడు ఆ కార్డును రిమోట్ తెరలన్నీ వాడుకొనేటట్లు గ్రూప్ పాలసీలో అనుమతి ఇవ్వాలి. అది బాధ్యుని పని.

నాలుగవది: ఈ రకం వీడియో ఆడదు అని మాట పడితే, సర్వరులో విప్పే సాధనమే లేదన్నమాట. విండోస్ సర్వరు కార్యాలయపు చాకిరికి చేసినది, వినోదానికి కాదు. అందుచేత మీడియా ఫౌండేషన్ అనే భాగం కొన్ని సర్వర్లలో పెట్టి ఉండదు. ఎం.పి.4 వీడియోలలో ఎక్కువగా ఉండే హెచ్.264 రకాన్ని విప్పటానికి ఫైర్‌ఫాక్స్ ఆ భాగం మీదనే ఆధారపడుతుంది. క్రోమ్ తన సాధనం తానే తెచ్చుకుంటుంది. కనుక ఒకదానిలో ఆడి ఇంకొకదానిలో ఆడకపోతే ఆశ్చర్యపడవద్దు. సర్వరు మేనేజరు నుండి ఆ భాగాన్ని చేర్చి, సర్వరును ఒకసారి ఆపి మొదలుపెట్టించాలి. అది కేంద్రాలు పనిలో లేని రాత్రి వేళ చేయాలి.

ఐదవది: బొమ్మ కదలదు, శబ్దం లేదు, ఆడియో లోపమని యూట్యూబు చెప్తున్నది. చాలామంది బొమ్మ కోసం వెతుకుతారు, తప్పు శబ్దంలో ఉంటుంది. శబ్దం పోవటానికి దారి లేకపోతే బొమ్మ కూడా నిలబడిపోవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ తెరచే ముందు లోకల్ రిసోర్సెస్ అనే పుటలో శబ్దాన్ని ఈ కంప్యూటరులోనే వినిపించు అనే ఏర్పాటు ఉందా చూడండి. సర్వరులో విండోస్ ఆడియో సేవ నడుస్తున్నదా, శబ్దాన్ని మళ్ళించటానికి అనుమతి ఉన్నదా అనేది బాధ్యుడు చూడాలి.

ఆరవది లైను. రిమోట్ డెస్క్‌టాప్ 3389 అనే ద్వారం గుండా రెండు విధాలుగా నడుస్తుంది. టి.సి.పి. అనేది రసీదు అడిగే తపాలా వంటిది. ఒక ఉత్తరం పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనుకవాటిని ఆపుతుంది. యు.డి.పి. అనేది పోయినదాన్ని పోనిచ్చి ముందుకు సాగుతుంది. వీడియోకు రెండవది మేలు. 2012లో వచ్చిన 8వ రకం నుండి రిమోట్ డెస్క్‌టాప్‌కు యు.డి.పి. చేతనవును. కానీ మధ్యలోని ఫైర్‌వాల్‌లో దానికి దారి ఇవ్వకుండా టి.సి.పి.కి మాత్రమే ఇస్తే, లైను బలహీనంగా ఉన్న ఊళ్ళలో బొమ్మ గంతులు వేస్తుంది.

ఇవన్నీ చూసినా మీ చేతిలోనే ఉన్న ఉపాయం ఒకటి ఉన్నది. వీడియో నాణ్యతను 360కి దించండి. అప్పుడు బొమ్మకు 2,30,400 చుక్కలు మాత్రమే. 720 రకంలో నాలుగవ వంతు, 1080 రకంలో తొమ్మిదవ వంతు. తెరంతా నింపకుండా చిన్న కిటికీలో ఆడించండి. అక్కరలేని ట్యాబులు మూయండి. పొదుగు చూపించటానికి ఇంతకు మించి అక్కరలేదు.

కొన్ని పెద్ద సంస్థలు వేరొక పద్ధతి వాడుతున్నాయి. పొడిని సర్వరు విప్పకుండా, మీ బల్ల మీది యంత్రానికే మళ్ళిస్తారు. మైక్రోసాఫ్ట్ వారు అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్, విండోస్ 365 అనే సేవలలోను, సిట్రిక్స్ వారు తమ సాధనంలోను ఈ వసతి ఇచ్చారు. దానికి చందా, ఖర్చు ఉంటాయి. ఒక పాల సంఘం అదే పనిని ఉచితంగా చేసుకోవచ్చు: రిమోట్ తెరను చిన్నది చేసి, బల్ల మీది యంత్రపు సొంత బ్రౌజరులో వీడియో పెట్టటమే. ఆ యంత్రానికి బ్రౌజరు లేకపోతే కార్యదర్శి సెల్‌ఫోనుకు టీవీ తగిలించినా చాలు. లెక్క సర్వరులో, వీడియో బయట. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే పై ఆరు పరీక్షలతో చాలాసార్లు పని పడదు.

ఇక జరుగబోయిన పెద్ద నష్టం సంగతి. ఆనాడు బొమ్మ ఆగినప్పుడు తెర మీద ఒక ప్రకటన లేచింది: ఫ్లాష్ ప్లేయరు పాతబడింది, ఇక్కడ నొక్కి కొత్తది దించుకోండి అని. కార్యదర్శి నొక్కబోయాడు. పక్కన కూర్చున్న డిగ్రీ చదివే పిల్లవాడు చేయి పట్టుకొని ఆపాడు. ఫ్లాష్ ప్లేయరును దాని సంస్థయే 2020 డిసెంబరు 31తో ఆపివేసింది. 2021 జనవరి 12 నుండి అది ఏ బొమ్మనూ ఆడించదు. యూట్యూబు 2015లోనే దానిని పక్కన పెట్టింది. కాబట్టి ఈనాడు ఫ్లాష్ దించుకొమ్మని చెప్పే ప్రకటన ఏదైనా మోసమే. వీడియో ఆడించే కోడెక్ మూటలు అని తెలియని చోట దొరికేవీ అంతే.

అది మీ సొంత యంత్రమైతే మీ ఒక్కరికే నష్టం. ఇది ఉమ్మడి సర్వరు. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని పాలబడ్డాయి. దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడగటం దాని పని. 2019 మే నెలలో రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లొసుగు బయటపడి, పాత విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇవ్వవలసి వచ్చింది. పదిహేను రోజుల బిల్లు తయారయ్యే ముందు రోజు సర్వరుకు తాళం పడితే? చొప్పకు, తవుడుకు, పిల్లల ఫీజుకు ఆ బిల్లు మీదనే ఉన్న ఇంటి సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకే వీడియో ఆడటం కోసమని ఎవరైనా అడ్మినిస్ట్రేటరు సంకేతపదం అడిగితే ఇవ్వవద్దు. 3389 ద్వారాన్ని ఇంటర్నెట్‌కు నేరుగా తెరిపించవద్దు.

కొందరు కార్యదర్శులు అడుగుతారు: అట్లాగైతే సర్వరులో బ్రౌజరునే తీసివేయవచ్చు గదా అని. నేను ఒప్పుకోను. కొన్ని పనులకు అది కావలసి ఉన్నది. నిషేధిస్తే చాటుగా వాడతారు. చాటుగా వాడినదానికి పుస్తకంలో జాడ ఉండదు. దానికంటే నియమం పెట్టుకోవటం మేలు.

కనుక వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ నాలుగు తీర్మానాలు రాసుకోవలసినదిగా మనవి చేస్తున్నాను. ఒకటి, పాల సేకరణ వేళల్లో, బిల్లు తయారయ్యే రోజున సర్వరులో వీడియోలు పెట్టరాదు. రెండు, శిక్షణ వీడియోలు బల్ల మీది యంత్రంలో గానీ ఫోనులో గానీ ఆడించాలి, సమావేశానికి ముందు రోజే ఒకసారి ఆడించి చూసుకోవాలి. మూడు, సర్వరులో ఏ కొత్త సాధనమైనా బాధ్యుని ద్వారానే చేర్చాలి. నాలుగు, చిక్కు వచ్చినప్పుడు తేదీ, వేళ, బ్రౌజరు పేరు, తెర మీద పడిన మాట ఒక పుస్తకంలో రాయాలి. కంప్యూటరు పని చేయటం లేదు అని ఫోను చేస్తే బాధ్యుడు ఏమీ చేయలేడు. శబ్దం ఉన్నది, బొమ్మ నల్లగా ఉన్నది, పొద్దున ఏడు గంటలకు అని చెప్తే వెంటనే దారి దొరుకుతుంది.

నేను చెప్పిన సంఘంలో తరువాతి నెల అదే వీడియోను ఫోను నుండి టీవీ మీద చూపించారు. తండా ఆడవాళ్ళను కార్యదర్శి స్వయంగా పోయి పిలుచుకొని వచ్చాడు. పరీక్ష పళ్ళెం కూడా తెప్పించి అక్కడే చేయించాడు. అప్పటికి ఒక బర్రెకు ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది. రెండవదానికి వైద్యం అందింది. ఆ నెల రోజుల ఆలస్యం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. అయినా అది సభ్యురాలి నష్టమే, కనుక సంఘం నష్టమే.

సందేహాలున్నవారు భోజనం తరువాత యంత్రం దగ్గరకే రావలసినదిగా కోరుతున్నాను. చేసి చూపిస్తాను.