ప్రాసెసరుకు సెలవు

కంప్యూటరు అనగానే ఒక పెట్టె, ఆ పెట్టెలో లెక్కలు చేసే ముక్క ఒకటి, అనుకునే రోజులు గడిచిపోయినవి. ఇప్పుడు బల్లమీది సామాన్యమైన యంత్రంలో సైతం నాలుగో ఎనిమిదో ప్రాసెసర్లు ఉంటవి. ఏ పనిని ఏ ప్రాసెసరుకు అప్పగించవలెనో నిర్ణయించే పెత్తనం కెర్నెలుది. అనగా యంత్రాన్నంతటినీ నడిపే మూల ప్రోగ్రాముది. ఆ పెత్తనంలో మనకు సాధారణంగా జోక్యం ఉండదు. కాని ఒక్కొక్కప్పుడు యజమాని కల్పించుకొని, ఫలానా ప్రాసెసరును కొంతకాలం పనిలోనుంచి తప్పించవలసిందని చెప్పవలసి వస్తుంది. రెండే ప్రాసెసర్లున్న చోట తన ప్రోగ్రాము ఎట్లా నడుస్తుందో చూడదలచినవాడు అట్లా చెబుతాడు. ఒక ప్రాసెసరు తప్పుడు లెక్కలు చేస్తున్నదని అనుమానం కలిగినవాడూ చెబుతాడు. లినక్స్ యంత్రంలో ఆ మాటను కమాండ్ లైను మీద ఏ విధంగా చెప్పవలెనో, చెప్పిన తరువాత లోపల ఏమి జరుగుతుందో మనవి చేస్తాను.

ముందుగా ఉన్నవాటిని లెక్క చూచుకొనవలెను. ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ అని టైపు చేస్తే యంత్రం తన జాతకమంతా చెబుతుంది: ప్రాసెసర్లు ఎన్ని, వాటిలో విధులలో ఉన్నవి ఏవి, సెలవులో ఉన్నవి ఏవి. లెక్క ఒకటితో కాక సున్నతో మొదలవుతుంది. నా ఇంటి యంత్రంలో ఎనిమిది ఉన్నవి గనుక వాటి పేర్లు 0 నుంచి 7 వరకు.

ఇక ఆజ్ఞ. ‘సిస్’ అనే డైరెక్టరీలో ‘డివైసెస్’, అందులో ‘సిస్టమ్’, అందులో ‘సీపీయూ’, దానిలో ఒక్కొక్క ప్రాసెసరుకు ఒక్కొక్క గది. మూడవ నంబరు గదిలో ‘ఆన్‌లైన్’ అనే ఫైలు కనిపిస్తుంది. తెరిచి చూస్తే లోపల ఒకే ఒక అంకె, 1. దాని స్థానంలో 0 వ్రాస్తే ఆ ప్రాసెసరు పనిలోనుంచి తప్పుకుంటుంది. మళ్ళీ 1 వ్రాస్తే తిరిగి వస్తుంది. నిజానికి ఇది డిస్కు మీద ఉండే ఫైలు కాదు. కెర్నెలుతో మాట్లాడడానికి పెట్టిన కిటికీ.

ఆ ఒక్క అంకె వ్రాయడంలోనే నేను మొదటిసారి బోల్తాపడ్డాను. ఇటువంటి ఆజ్ఞకు రూట్ అధికారం కావలెనని తెలుసు. కాబట్టి ముందు ‘సుడో’ అని, తరువాత ‘ఎకో 0’ అని, బాణపు గుర్తు పెట్టి, ఫైలు పేరు వ్రాశాను. అనుమతి లేదని జవాబు వచ్చింది. నాలుగుసార్లు వ్రాశాను, నాలుగుసార్లూ అదే జవాబు. అసలు సంగతి ఏమంటే, సుడో ఇచ్చిన అధికారం ‘ఎకో’కు చెందింది గాని, బాణపు గుర్తును చూచి ఫైలు తలుపు తీసే షెల్లుకు చెందలేదు. షెల్లు మామూలు మనిషిగానే వెళ్ళి తలుపు తట్టింది. అంకెను పైపు ద్వారా ‘సుడో టీ’కి అందించి, తలుపు తీసే పనిని దానికే అప్పగించిన తరువాత ఆజ్ఞ చెల్లింది. ఈ తిప్పలు అక్కరలేదనుకునేవారికి ‘సీహెచ్‌సీపీయూ’ అనే కమాండు ఉన్నది. దానికి ‘డి’ అనే సూచనతో నంబరు ఇస్తే సెలవు, ‘ఇ’తో ఇస్తే పునఃప్రవేశం. సుడో మాత్రం దానికీ కావలెను.

సున్న వ్రాయడం క్షణం పని. లోపల జరిగేది అంత చిన్నది కాదు. స్టూడియోలో పనిచేసేవారికి ఇది తేలికగా బోధపడుతుంది. ఒక అనౌన్సరు ఇంటికి పోవలెనంటే మైకు ముందునుంచి లేచి పోతే సరిపోదు గదా! తరువాతి అనౌన్సరు వచ్చి కూర్చోవలెను, మిగిలిన ప్రకటనల కాగితాలు చేతులు మారవలెను. ప్రాసెసరుదీ అదే వరుస. దాని మీద నడుస్తున్న పనులను కెర్నెలు ఇతర ప్రాసెసర్లకు తరలిస్తుంది. డిస్కు, నెట్‌వర్కు కార్డు మొదలైన పరికరాలు ‘నన్ను చూడు’ అని వేసే కేకలను, అనగా ఇంటరప్టులను, మరొకదాని వైపు మళ్ళిస్తుంది. గడియారపు టైమర్లను అప్పగింతలు చేస్తుంది. ఒక్కొక్క మెట్టే దిగుతూ అన్నీ ముగిసిన తరువాత గాని ప్రాసెసరు ఊరుకోదు. ల్యాప్‌టాపు నిద్రకు ఉపక్రమించే ప్రతిసారీ కెర్నెలు మొదటిదానిని ఉంచి, తక్కిన ప్రాసెసర్లన్నిటినీ ఇట్లాగే దింపుతుంది.

ఆ మొదటిది, అనగా సున్న నంబరు ప్రాసెసరు, ఇంటెల్ జాతి యంత్రాలలో సాధారణంగా సెలవు ఎరుగదు. దాని గదిలో ‘ఆన్‌లైన్’ ఫైలే కనిపించదు. యంత్రం నిద్రలేచేటప్పుడు ముందుగా లేవవలసింది అదే.

ఒక పనిని ఫలానా ప్రాసెసరు మీదనే నడపవలెనని ‘టాస్క్‌సెట్’ ద్వారా మనమే కట్టివేసి, మరచిపోయి, ఆ ప్రాసెసరుకే సెలవిస్తే ఏమవుతుంది? సోలారిస్ అనే వ్యవస్థలో ఈ పనికి ‘పీఎస్ఆర్‌ఏడీఎమ్’ అనే కమాండు ఉన్నది. కట్టివేసిన పని ఉన్నంతవరకు అది మామూలుగా సెలవును నిరాకరిస్తుంది. బలవంతపు సూచన ఇస్తేనే కట్లు తెంచుతుంది. లినక్స్ మామూలు పనుల విషయంలో అంత పట్టింపు చూపదు. కట్టు తానే విప్పి, పనిని మరొకచోట నడిపిస్తూ, ఆ సంగతిని కెర్నెలు చిట్టాలో ఒక వాక్యంగా వ్రాసి ఊరుకుంటుంది. ఆ చిట్టాను చదివేవారు ఎందరు? ఈ విషయంలో నాకు సోలారిస్ మొండితనమే నచ్చుతుంది.

విద్యుత్తు ఆదా కోసం సెలవు ఇచ్చేవారు కొందరున్నారు. పని లేని ప్రాసెసరును కెర్నెలు ఎట్లాగూ గాఢనిద్రలోకి పంపుతుంది గనుక, దానివల్ల పెద్ద లాభం కనిపించదు.

అయితే 2018లో ఈ సెలవుల ప్రస్తావన కేవలం సదుపాయానికి సంబంధించినదిగా ఉండలేదు. నా యంత్రంలో ఎనిమిది ప్రాసెసర్లన్నాను. నిజంగా ఉన్న కోర్లు నాలుగే. ఒక్కొక్క కోరు రెండు ప్రాసెసర్లుగా నటిస్తుంది. ఇంటెల్ వారు దీనిని హైపర్‌థ్రెడింగ్ అన్నారు. ఈ కవలలిద్దరికీ అతి సమీపపు జ్ఞాపకపు అర, ఎల్1 క్యాష్, ఉమ్మడి. ఒకరు అందులో ఉంచిన రహస్యాన్ని రెండవవారు దొంగచాటుగా ఊహించగల మార్గం ఉన్నదని 2018 ఆగస్టులో ‘ఎల్1టీఎఫ్’ అనే పేరుతో బయటపడింది. ఒకే యంత్రాన్ని పరస్పరం ఎరుగని పదిమందికి అద్దెకిచ్చే చోట ఇది చిన్న విషయం కాదు. ఓపెన్‌బీఎస్‌డీ వారు అంతకు ముందే, ఆ జూన్‌లోనే, కవలలలో ఒకరిని మొదటినుంచీ పనిలో పెట్టకూడదని నిశ్చయించారు. లినక్స్‌లో ‘ఎస్ఎమ్‌టీ’ అనే గదిలో ‘కంట్రోల్’ అనే కొత్త ఫైలు వచ్చింది. అందులో ‘ఆఫ్’ అని వ్రాస్తే ప్రతి కోరులోను ఒక కవల తప్పుకుంటుంది. ‘ఫోర్స్‌ఆఫ్’ అని వ్రాస్తే యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టేవరకు తిరిగి రానే రాదు.

ఈ పనిని ఒక్కొక్క నంబరు చొప్పున చేయబోయేవారు కవలలెవరో ముందు తెలుసుకొనవలెను. ప్రతి ప్రాసెసరు గదిలోను ‘టోపాలజీ’ అనే అరలో ఆ వివరం ఉన్నది. నా యంత్రంలో 0, 4 ఒక జంట. 1, 5 ఒక జంట. ఈ సంగతి తెలియక, సగం తీసివేద్దామని 2, 3, 6, 7లకు సెలవిచ్చాననుకోండి. రెండు కోర్లు పూర్తిగా పోతవి. మిగిలిన రెంటిలోను కవలలు యథాప్రకారం పక్కపక్కనే కూర్చొని ఉంటారు! సామర్థ్యమూ పోయె, ప్రమాదమూ మిగిలె.

నా యంత్రంలో నా వ్రాతలు తప్ప పరాయివారి పనులేమీ నడవవు గనుక ఎనిమిదింటినీ ఉండనిచ్చాను. పరీక్షకోసం మాత్రం ఒక సాయంత్రం ‘ఆఫ్’ అని వ్రాసి, ప్రాసెసర్లెన్నని ‘ఎన్‌ప్రాక్’ను అడిగాను. నాలుగు అన్నది. యంత్రాన్ని ఆపి, తిరిగి మొదలుపెట్టి, మళ్ళీ అడిగాను. ఎనిమిది అన్నది, సాయంత్రపు సెలవు దానికి గుర్తే లేదు.